కార్డు, కవరు, తాళము – సెల్‌ఫోను సందేశములను విప్పు అధికారము ఎవరిది?

పూర్వము మన గ్రామములలో కార్డునకును కవరునకును గల భేదము అక్షరజ్ఞానము లేనివారికి సయితము తెలిసియుండెడిది. కార్డుపై వ్రాసిన సంగతిని పోస్టుమాస్టరు చూచును, పోస్టుమాను చూచును; అందుకొనినవారికి చదువు రానిచో అరుగుమీద కూర్చున్నవారిలో ఒకరు బిగ్గరగా చదివి వినిపింతురు. కావున కార్డుపై క్షేమసమాచారము, వానల సంగతి, పంటల సంగతి మాత్రమే వ్రాసెడివారు. అత్తవారింట ఆడబిడ్డ పడు కష్టము, అప్పుల లెక్క, పెండ్లి మాట కవరులో పెట్టి జిగురంటించి పంపెడివారు. ఆ కవరును దారిలో ఎవరైన విప్పిరని తెలిసినచో ఊరంతయు రగడ యయ్యెడిది.

నేడు ఆ కవరు సెల్‌ఫోనులోనికి వచ్చినది. బుచ్చిరెడ్డిపాలెము పరిసరములనే తీసికొందము. బుచ్చిరెడ్డిపాలెము 2020లో నగరపంచాయతీ అయినను, చుట్టునున్న రేబాల, దామరమడుగు, జొన్నవాడ, పెనుబల్లి, వవ్వేరు మున్నగునవి గ్రామములే. అచ్చటి రైతునకు ధాన్యము ధర వాట్సాపున వచ్చుచున్నది. కాలువకు నీరు వదలుదురన్న వార్తయు అందులోనే. పరదేశముననున్న కుమారుడు తల్లితో మాటలాడునదియు అందులోనే. మన రాష్ట్రప్రభుత్వమే 2025 జనవరి 30న "మన మిత్ర" యను పేర వాట్సాపు ద్వారా 161 సేవలను ఆరంభించినది. ఇన్ని సంగతులు ఒక కవరులో పోవుచున్నప్పుడు, ఆ కవరును విప్పు అధికారము పోలీసువారికి ఉండవలెనా, ఉన్నచో ఎవరి ఉత్తరువుపై, ఏ పద్ధతిని అను ప్రశ్న ఢిల్లీలోని న్యాయవాదులకు మాత్రమే సంబంధించినది కాదు. పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరమని మేము తలచుచున్నాము. ఏలననగా గ్రామమున నేరము జరిగినప్పుడు పోలీసువారు మొదట పిలుచునది మిమ్ములనే. తన ఫోనును ఎవరో వినుచున్నారని భయపడినవాడు మొదట వచ్చునదియు మీ యొద్దకే.

ముందుగా తాళము సంగతి చెప్పుకొందము. సందేశమును ఇతరులకు అర్థము కాకుండ మార్చి పంపు పద్ధతిని ఇంగ్లీషున ఎన్‌క్రిప్షన్ అందురు. మనము గూఢలిపి అనవచ్చును. ఇది మనకు క్రొత్త విద్య కాదు. అరువదినాలుగు కళలలో రహస్యలిపి ఒకటి. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని బేరమాడు దళారులు చేయునదియు అదియే. చుట్టును నూరుగురు నిలిచియున్నను ధర ఇద్దరికే తెలియును. క్రొత్తదనమంతయు తాళములో నున్నది.

ఒక ఊహ చేయుడు. మీ పంచాయతీ కార్యాలయపు గోడకు ప్రతి ఇంటివారును తమ పేరు వ్రాసిన తాళమును తెరచి వ్రేలాడదీసిరనుకొనుడు. అవి నొక్కిన చాలు పడిపోవు తాళములు. తాళపుచెవులు మాత్రము ఎవరింట వారు దాచుకొనిరి. ఇప్పుడు వెంకమ్మకు జాబు పంపదలచినవాడు, జాబును ఒక పెట్టెలో పెట్టి, వెంకమ్మ పేరుగల తాళమును గోడనుండి తీసికొని నొక్కివేయును. ఆ పిమ్మట ఆ పెట్టెను తాళము వేసినవాడే తెరువలేడు, మోసికొనిపోవువాడు తెరువలేడు, వెంకమ్మ యొక్కతెయే తెరువగలదు. వాట్సాపువంటి సాధనములలో జరుగునది స్థూలముగా ఇదియే. ఫోనులో ఈ తాళపుచెవి ఒక సంఖ్య. సందేశమును మూయు సంఖ్యను ఊహించి పట్టుకొనవలెనన్నచో పరీక్షింపవలసిన సంఖ్యల లెక్కయే 78 అంకెలు పొడవు గలది. లోకములోని యంత్రములన్నియు కూడి వెదకినను అది దొరకునది కాదు. వాట్సాపు కంపెనీవారు 2016 ఏప్రిలు నుండి తమ సందేశములన్నిటికి ఈ తాళము వేయుచున్నారు. కావున పెట్టెను మోయు కంపెనీకే లోపలి సంగతి తెలియదు.

సభ్యులు ఒక భేదమును గుర్తింపవలెను. మామూలు ఫోను సంభాషణయు, ఎస్సెమ్మెస్సు సందేశమును నేటికిని కార్డువంటివే. వానిని మోయు కంపెనీ, చట్టప్రకారము ఉత్తరువు వచ్చినచో, వినిపింపగలదు, చూపగలదు. వాట్సాపు, సిగ్నల్ మున్నగునవి కవరులు. పోలీసువారికిని కంపెనీలకును నడుమ వచ్చిన వివాదమంతయు ఈ కవరులను గురించియే.

పోలీసువారి కష్టము కల్పితము కాదు. "డిజిటల్ అరెస్టు" అని బెదరించి వీడియో పిలుపుతో వృద్ధులను గదిలో కూర్చుండబెట్టి, బ్యాంకులోని సొమ్మంతయు లాగుకొను దొంగలు ఈ కవరుల చాటుననే మాటలాడుచున్నారు. (మన చట్టములలో ఎచ్చటను డిజిటల్ అరెస్టు అనునది లేదు, అట్టి పిలుపు వచ్చినచో ఫోను పెట్టివేసి 1930 సంఖ్యకు తెలుపవలెనని మీ గ్రామసభలో చాటించుడు. సొమ్ము పోయినను ఎంత త్వరగా తెలిపిన అంత మేలు.) గంజాయి రవాణా చేయువారు, పిల్లల అశ్లీలచిత్రములు పంచువారు, ఉగ్రవాదులు సయితము ఇదే తాళమును వాడుకొనుచున్నారు. తాళమునకు మంచివాడు, చెడ్డవాడు అను వివక్షత లేదు.

ఈ వివాదము మన తెలుగువారి గడపలోనికి వచ్చినది 2018లో. ఆ వేసవిని పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో వదంతులు దేశమంతట ప్రాకినవి. జూలై 13వ తేదీన హైదరాబాదు నుండి విహారమునకు బయలుదేరిన స్నేహితులు కొందరు కర్ణాటకలోని బీదరు జిల్లాలో ఒక ఊరివద్ద ఆగి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిరి. వారిని పిల్లల దొంగలని అనుమానించిరి. వారు కారెక్కి బయలుదేరిరి. కాని సందేశము కారుకంటె వేగముగా పోయినది. ముర్కి గ్రామము వద్ద జనము కారును అడ్డగించి, వారిని బయటికి లాగి కొట్టిరి. హైదరాబాదు యువకుడొకడు, చదువుకొని ఇంజనీరుగా పనిచేయుచున్నవాడు, ప్రాణము కోల్పోయెను. విడిపింపవచ్చిన పోలీసువారును దెబ్బలు తినిరి. చంపినవారిలో ఎవ్వరికిని ఆ యువకునిపై పగ లేదు. వారు తమ పిల్లలను రక్షించుకొనుచున్నామనియే అనుకొనిరి.

ఇట్టి సందేశమును మొట్టమొదట పుట్టించినవాడెవడో కంపెనీ చెప్పవలెనని కేంద్రప్రభుత్వము అడిగినది. ఎవరు ఎవరికి ఏమి పంపిరో మాకే తెలియదని కంపెనీ ప్రత్యుత్తరమిచ్చినది. ఆ నెలలోనే ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని భారతదేశమున హద్దు పెట్టినది. ప్రభుత్వము అంతటితో ఊరకొనలేదు. 2021 ఫిబ్రవరి 25న వెలువడిన సమాచార సాంకేతిక నిబంధనలలో, 50 లక్షలకు మించి వినియోగదారులు గల సందేశసంస్థలు న్యాయస్థానముగాని, తగిన అధికారముగల అధికారిగాని ఉత్తరువు చేసినచో మొదటి పంపకుని చూపవలెనని విధించినది. సందేశములోని సంగతి చెప్పనక్కరలేదనియు, ఘోరనేరములలో మాత్రమే అడుగుదుమనియు అందులో కలదు. ఆ సంవత్సరము మే నెలలోనే వాట్సాపు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినది. తాళమును పగులగొట్టుమన్నచో ఈ దేశమును విడిచిపోవలసివచ్చునని 2024 ఏప్రిలులో వారి న్యాయవాది కోర్టులో చెప్పెను.

పండితులలోను ఏకాభిప్రాయము లేదు. ప్రతి సందేశమునకు మొదటి పంపకుని గుర్తును జతచేయవచ్చునని ఐఐటి మద్రాసు ఆచార్యులు వి. కామకోటి 2019లో మద్రాసు హైకోర్టుకు తెలిపిరి. ఆ గుర్తును దొంగలు మార్చగలరనియు, నిరపరాధి చిక్కుకొనుననియు ఐఐటి బొంబాయి ఆచార్యులు మనోజ్ ప్రభాకరన్ వాదించిరి. మా దృష్టికి ఈ రెండవ వాదమే బలముగా కనబడుచున్నది. మొదటి పంపకుడు అనగా ఎవడు? పరదేశమునుండి వచ్చిన బొమ్మను భయపడి తన గ్రూపులో పెట్టిన బడిపంతులా? వేరొక సాధనములో చదివి దీనిలో తిరుగవ్రాసినవాడా? ముర్కిలో ఆ మధ్యాహ్నము సందేశము పంపినవారు తమ పేరు దాచుకొనలేదు. వారు తెలిసినవారికే, తెలిసిన గ్రూపులకే పంపిరి. ప్రాణము పోయిన తరువాత వారిని పట్టుకొనుట పోలీసువారికి కష్టము కాలేదు. కష్టమైనది ముందుగా ఆపుట. ముందుగా ఆపుటకు తాళము పగులగొట్టుట ఉపకరింపదు.

ఏది ఉపకరించునో అదే సంవత్సరము జోగులాంబ గద్వాల జిల్లాలో కనబడినది. అచ్చటి పోలీసు సూపరింటెండెంటు శ్రీమతి రెమా రాజేశ్వరి ప్రతి గ్రామమునకు ఒక పోలీసును కుదిర్చి, ఇంటింటికి తిరిగి వదంతుల సంగతి తెలిసికొనుమనిరి. సర్పంచులను కలుపుకొనిరి. డప్పు వేయించిరి, వదంతులను నమ్మవద్దని పాటలు కట్టి పాడించిరి. పోలీసులు గ్రామములోని వాట్సాపు గ్రూపులలో చేరిరి. చేరిరనగా దొంగచాటున కాదు, అందరికి తెలిసియే. ఆ జిల్లాలో ఆ వదంతులకు ఒక్క ప్రాణమును బలికాలేదు. ఏ తాళమును పగులలేదు. ఈ సంగతిని మేము విశేషించి చెప్పుటకు కారణము, ఆ పనిలో సగము పంచాయతీలది కావుటయే.

అయినను, పోలీసువారి కొరకు ఒక్క మారు తాళపుచెవి చేయించి ప్రభుత్వమువద్ద భద్రముగా ఉంచరాదా యని సభ్యులు అడుగవచ్చును. సహజమైన ప్రశ్న. ఊరిలోని ప్రతి ఇంటి తాళమునకు సరిపోవు ఒకే చెవి పోలీసుస్టేషనులో ఉన్నదనుకొనుడు. ఆ స్టేషనులోనివారందరు ధర్మరాజులే యనుకొనుడు. దొంగ ఇకమీదట వేయి ఇండ్ల చుట్టు తిరుగనేల? ఆ ఒక్క చెవికొరకే కాచుకొనియుండును.

ఇది ఊహ కాదు, జరిగినది. గ్రీసు దేశమున పోలీసువారు చట్టప్రకారము ఫోనులు వినుటకై ఒక కంపెనీ యంత్రములలో అమర్చిన ఏర్పాటును, 2004–05లో ఎవరో గుప్తముగా తమ వశము చేసికొని, ఆ దేశ ప్రధానమంత్రితో సహా నూరుమందికి పైగా ప్రముఖుల మాటలను నెలల తరబడి వినిరి. అమెరికాలో పోలీసువారి ఉత్తరువులు అమలు జరుపుటకై టెలిఫోను కంపెనీలు ఉంచుకొనిన ఏర్పాట్లలోనికే చైనాకు సంబంధించిన దొంగలు చొరబడిరని 2024లో బయటపడినది. తాళములను బలహీనపరచవలెనని ఏండ్ల తరబడి కోరుచువచ్చిన ఆ దేశపు ప్రభుత్వములోనివారే, పిమ్మట గూఢలిపిగల సాధనములను వాడుకొనుడని సలహా ఇచ్చిరి.

మన యింటి సంగతియు చెప్పుకొనవలెను. తెలంగాణలో నక్సలైటు కార్యకలాపములను కనిపెట్టుటకు ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్సు బ్యూరోలోని కొందరు అధికారులు, 2023 ఎన్నికల కాలమున అధికారము లేకుండ రాజకీయనాయకులు మున్నగువారి ఫోనులను వినిరనియు, ప్రభుత్వము మారగానే రికార్డులు గల డిస్కులను ధ్వంసము చేసిరనియు ఆరోపణలతో 2024 మార్చిలో హైదరాబాదులోని పంజాగుట్ట పోలీసుస్టేషనులో కేసు నమోదైనది. ఆరోపణ ఋజువగువరకు ఎవ్వరును దోషులు కారు. ఆ నిర్ణయము న్యాయస్థానములది. మేము గమనించుమనునది వేరు. ఉగ్రవాదులకొరకు తెచ్చిన సాధనము ఇతరులపైకి తిరుగునను భయము పరదేశపు కథ కాదని మాత్రమే.

ఇక నెల్లూరు. 2023 ఆరంభమున నెల్లూరు గ్రామీణ శాసనసభ్యులు శ్రీ కోటంరెడ్డి శ్రీధరరెడ్డి తన ఫోనును ట్యాపు చేసిరని బహిరంగముగా ఆరోపించిరి. అది ట్యాపింగు కాదు, మాటలాడిన స్నేహితుని ఫోనులోనే సంభాషణ రికార్డయినదని అప్పటి ప్రభుత్వపక్షము వారు ప్రత్యుత్తరమిచ్చిరి. ఆ స్నేహితుడును తన ఫోను రికార్డు చేసినదనియే చెప్పెను. ఎవరి మాట నిజమో తేల్చుట ఈ వ్యాసము పని కాదు. కాని ఈ రెంటికి గల భేదమును జిల్లాలో ప్రతి కాఫీహోటలులోను ఆ దినములలో చర్చించిరి, అది మంచి పాఠము. దారిలో విప్పుట వేరు, చివర విప్పుట వేరు. తాళము కాపాడునది దారిని మాత్రమే. అందుకొనినవాడు జాబును నలుగురికి చూపినచో, వాని ఫోనే రికార్డు చేసినచో, ఫోను పోగొట్టుకొనినచో, ఏ గూఢలిపియు రక్షింపలేదు. "మన మిత్ర"కు మీరు పంపు సంగతియు దారిలో భద్రమే. అందుకొను చివర ప్రభుత్వ కార్యాలయమున్నది, అచ్చటి భద్రత ఆ కార్యాలయపు బాధ్యత.

పోలీసువారికిని ఈ "చివర"లే మార్గము. నిందితుని ఫోను దొరికినచో అందులో సందేశములు విప్పియే ఉండును. అంతేగాక కవరుపై చిరునామా వంటి వివరములు, అనగా ఎవరు ఎవరితో ఏ వేళ ఎంతసేపు మాటలాడిరి, ఏ టవరు క్రింద ఉండిరి అనునవి, తాళమునకు లోబడవు. ఫోను కంపెనీలు పిలుపుల పట్టికను కనీసము 2 సంవత్సరములు నిలువ ఉంచవలెనని 2021 డిసెంబరులో విధించిరి. నేరపరిశోధనలో చాలభాగము నేడు ఈ పట్టికలపైననే నడచుచున్నది. తాళము వచ్చినందున పోలీసువారు గ్రుడ్డివారైరను మాట సరికాదని మా అభిప్రాయము.

ఎవరి ఉత్తరువుపై

జాబులు విప్పు అధికారము మనదేశమున ఆంగ్లేయుల నాటినుండియు కలదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము, 1898 నాటి పోస్టాఫీసు చట్టము ఆ అధికారమును ప్రభుత్వమునకిచ్చినవి. 1986లో పార్లమెంటు పోస్టాఫీసు చట్టమును సవరించి ఆ అధికారమును విస్తరింపజూడగా, రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఆ బిల్లుపై సంతకము చేయలేదు. అది అట్లే నిలిచి తుదకు ఉపసంహరింపబడినది. 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు, ఫోను సంభాషణ వ్యక్తి జీవనమునకు చెందిన రహస్యమనియు, హోంశాఖ కార్యదర్శి వ్రాతపూర్వకమైన ఉత్తరువు లేనిదే వినరాదనియు, ఆ ఉత్తరువులను ఒక సమితి పరిశీలింపవలెననియు కట్టుబాట్లు చేసినది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమికహక్కు అనిరి. ఆ తొమ్మిదిమందిలో కృష్ణాజిల్లావాసియైన జస్టిస్ చలమేశ్వర్ ఒకరు. ఈ ప్రశ్నను పెద్దధర్మాసనమునకు నివేదించిన 2015 నాటి ధర్మాసనమునకు పెద్దయు వారే.

ఇప్పటి శాసనము 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము, దాని క్రింద 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనలు. సారాంశమిది. సామాన్యముగా కేంద్రములోనైన రాష్ట్రములోనైన హోంశాఖ కార్యదర్శియే ఉత్తరువు చేయవలెను. కారణములు వ్రాయవలెను. ఉత్తరువు 60 దినములకు మించి చెల్లదు. పొడిగించినను మొత్తము 180 దినములు దాటరాదు. అత్యవసరమైనచో ఉన్నత పోలీసు అధికారి ముందుగా ఉత్తరువు చేయవచ్చును గాని, ఏడు పనిదినములలో కార్యదర్శి ధ్రువపరుపనిచో అది రద్దగును. ప్రధానకార్యదర్శి అధ్యక్షుడుగాగల సమితి రెండునెలల కొకసారి కూర్చుండి ఈ ఉత్తరువులను చూడవలెను. అధికారము లేకుండ ఇతరుల సందేశములను వినినవానికి మూడు సంవత్సరముల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. మీ మండలములోని స్టేషను అధికారికిగాని, తహశీల్దారునకుగాని, సర్పంచికిగాని ఎవరి ఫోనునైనను వినుమని చెప్పు అధికారము లేదు.

ఈ పద్ధతిలో మాకు కనబడు లోటు ఒకటి కలదు. ఉత్తరువు చేయువారు అధికారులే, పరిశీలించువారును అధికారులే. న్యాయమూర్తి ఎచ్చటను లేడు. కొన్ని దేశములలో న్యాయమూర్తి అనుమతి ముందుగా కావలెను. మనదేశములోను అట్లుండవలెనని పలువురు న్యాయవేత్తలు కోరుచున్నారు. కోరిక సమంజసమైనది.

కట్టుబాటులేని అధికారము ఎట్లు నిలువదో మన రాష్ట్రపు ఉదాహరణయే ఒకటి కలదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టము 73వ సెక్షనును సవరించి, కలెక్టరు వ్రాసియిచ్చిన ఏ మనిషియైనను ఎవరివద్దనున్న దస్తావేజులనైనను, బ్యాంకులలోనివి సయితము, తనిఖీచేసి స్టాంపుసుంకము తక్కువైనదేమో చూచి పట్టుకొనవచ్చునని చేసినది. ఉద్దేశము మంచిదే, ప్రభుత్వమునకు రావలసిన సుంకము రావలెను. కాని హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు అప్పీలు చేయగా, కెనరా బ్యాంకు ప్రతివాదిగాగల ఆ కేసులో సుప్రీంకోర్టు 2004 నవంబరులో హైకోర్టు తీర్పునే స్థిరపరచినది. గోప్యత మనిషిది గాని స్థలముది కాదు. రైతు తన కాగితమును బ్యాంకులో పెట్టినంతమాత్రమున దానిపై గోప్యతను వదలుకొనినట్లు కాదు. ఎవరిని పంపవలెనో, ఏ అనుమానముపై పంపవలెనో హద్దులేని అధికారము చెల్లదు అని తీర్పులోని భావము. నాడు బ్యాంకు పెట్టెలోని దస్తావేజును గురించి చెప్పిన ఈ న్యాయము నేడు ఫోనుకంపెనీ యంత్రములోనున్న మన పట్టికలకును వర్తింపదగినది.

పంచాయతీలో

ఈ న్యాయము పంచాయతీ కార్యాలయమునకును వర్తించును. పింఛను దరఖాస్తులతోపాటు ఆధారు నకళ్లు, బ్యాంకుఖాతా సంఖ్యలు, వైద్యుని ధ్రువపత్రములు మీ బీరువాలలో పడియున్నవి. వానిని ఫోటోతీసి "అందరికి తెలియుటకు" గ్రామపు వాట్సాపు గ్రూపులో పెట్టుట కొన్నిచోట్ల ఆచారమైనది. ఇది తగదు. లబ్ధిదారుల పేర్లు ప్రకటింపవచ్చును, ప్రకటింపవలెను. ఖాతా సంఖ్యయు, రోగము పేరును ప్రకటింపనక్కరలేదు. ఆధారు నకలు కావలసినచోట మొదటి ఎనిమిది అంకెలు కప్పిన ప్రతి చాలునా యని అడుగుడు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టము, 2025 నవంబరులో నిబంధనలు వెలువడినవి. అవి దశలవారీగా అమలులోనికి వచ్చునవి. అయితే కొందరు దీనిని తలక్రిందులు చేసి, పంచాయతీ జమాఖర్చులు కూడ గోప్యమందురు. జమాఖర్చులు గోప్యము కావు. అవి గ్రామసభ సొత్తు.

చివరకు, ఫోనును పోలీసువారు స్వాధీనము చేసికొనునప్పటి సంగతి. సోదాలో ఆ ప్రాంతపు గౌరవస్థులు ఇద్దరైనను సాక్షులుగా ఉండవలెనని చట్టము. మన ప్రాంతమున ఈ సాక్షులను మధ్యవర్తులందురు; వారు సంతకము చేయు కాగితము మధ్యవర్తుల నివేదిక. పంచాయతీ సభ్యులు దీనికి తరచుగా పిలువబడుచున్నారు. ఇతర స్టేషనులో ముందే వ్రాసియుంచిన కాగితముపై సంతకము చేసివచ్చు సభ్యులును కలరని వినుచున్నాము. మీ సంతకముపై ఒకని స్వేచ్ఛ ఆధారపడియుండును గనుక చూచినదానికే సంతకము చేయవలెను.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారము, సోదాను, వస్తువుల పట్టిక వ్రాయుటను, సాక్షుల సంతకములను వీడియో తీయవలెను. దానిని జాప్యము లేకుండ మేజిస్ట్రేటునకు పంపవలెను. వీడియో తీయుచున్నారా యని మీరు అడుగవచ్చును. అది కలహము కాదు, చట్టములోని మాట. ఫోను పేరు, రంగు, పగుళ్లు, సిమ్ముల సంఖ్య నివేదికలో ఎక్కవలెను. ప్రతి ఫోనునకు ఐ.ఎమ్.ఇ.ఐ. అను 15 అంకెల సంఖ్య కలదు; *#06# నొక్కినచో తెరపై వచ్చును. ఆ సంఖ్యను నివేదికలోని సంఖ్యతో మీరే సరిచూడుడు. రెండు సిమ్ముల ఫోనునకు రెండు సంఖ్యలుండును, రెండును వ్రాయింపుడు. ఫోనును మీ యెదుట కవరులో పెట్టి, లక్కతోగాని అతుకుకాగితముతోగాని మూసి, ఆ మూతపై మీ సంతకము పడునట్లు చూడుడు. మూయకముందు ఎవరైన ఫోను తెరచి సందేశములు చదివినచో, చదివిన వేళయు, చదివినవారి పేరును ఆ నివేదికలోనే వ్రాయుమని కోరుడు.